నిన్నటి బెండకాయ

పద్నాలుగేళ్లలో లింగమూర్తి కాగితం మీద రాసింది రెండే మాటలు. ఉప్పు సరిపోయింది. దాని కింద ఒక సంతకం.

మాదాపూర్‌లో అద్దాల బిల్డింగు తొమ్మిదో అంతస్తులో క్యాంటీన్. మధ్యాహ్నం రెండు వేల మంది మెడలో ట్యాగులు వేసుకుని వచ్చి తింటారు. తలుపులు తీయకముందే, పదకొండుంబావుకి, వండినవన్నీ వరసగా పెట్టి ఒక మనిషి రుచి చూడాలి. చూసి రిజిస్టర్‌లో రాయాలి. అది అక్కడి రూలు. ఆ మనిషి లింగమూర్తి. పప్పు, కూరల మాస్టర్. గంటెతో కొంచెం తీసి అరచేతిలో వేసుకుని, నాలుకకు రాసుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. వంటింట్లో అందరూ ఆ క్షణం పని ఆపేవాళ్లు. తర్వాత పెన్ను తీసుకుని ఆ రెండు మాటలు రాసేవాడు.

"ఓకే అని రాస్తే సరిపోతుంది కదా మాస్టర్, ఎందుకింత కష్టం," అన్నాడొకసారి మేనేజర్ ఉదయ్ భాస్కర్. కాకినాడ మనిషి. నవ్వుతూనే అన్నాడు.

"ఓకే అంటే ఏం తెలుస్తది సార్. ఉప్పు సంగతి చెప్పాలె గద."

ఇంట్లో మాత్రం అలా కాదు. బోరబండలో రెండు గదుల కిరాయి ఇల్లు. భార్య భూలక్ష్మి ఏం పెడితే అది తల వంచుకుని తినేవాడు. ఎట్లుందని ఆమె అడిగితే ఒకటే జవాబు. "ఇంట్ల నేను రుచి చూడ. తింట."

భూలక్ష్మి పని వేరే. పొద్దున ఆరున్నరకి బోరబండ స్టేషన్ దగ్గర ఏజెన్సీ వ్యాను ఎక్కితే కోకాపేటలో దిగుతుంది. అక్కడి ముప్పై ఎనిమిది అంతస్తుల టవర్లలో ఫ్లాట్లు కడుగుతుంది. ముఖ్యంగా బాత్‌రూములు. ఒక ఇంటి బాత్‌రూము కడిగే మనిషికి ఆ ఇంటి గురించి తెలియనిది ఉండదు. ఎవరు మాత్రలు మింగుతున్నారు, ఎవరి జుట్టు రాలుతోంది, ఎవరు తలుపు వేసుకుని ఏడుస్తున్నారు, అన్నీ తెలుస్తాయి.

మూడేళ్ల కింద ఇరవై రెండో అంతస్తులో ఒక ఇంట్లో పదహారేళ్ల పిల్ల ఉండేది. తిన్న ప్రతిసారీ లోపలికి పోయి నల్లా విప్పుకుని కక్కేది. నల్లా చప్పుడుకి వాసన పోదు కదా. వారం చూసింది భూలక్ష్మి. తనకీ ఒక ఆడపిల్ల ఉంది. ఉండబట్టలేక ఆ పిల్ల తల్లితో చెప్పింది. "అమ్మా, ఏమనుకోకుండ్రి. పాప తిన్నదంత కక్కుతున్నట్టుంది. జర దవాఖానల చూపియ్యండి." ఆ తల్లి లోపలికి పోయి తలుపు వేసుకుంది. మర్నాడు గేటు దగ్గర భూలక్ష్మి కార్డు పని చేయలేదు. సూపర్‌వైజర్ ఓంకార్ ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. "నీ పని కడుగుడు. చూసుడు కాదు. చూసినవా, నీ కండ్లల్నే పెట్టుకో. పెద్దోళ్ల ఇండ్లల్ల కక్కుల సంగతి నీకెందుకక్కా?"

నాలుగు నెలలు ఇంట్లో కూర్చుంది. తర్వాత వేరే టవర్‌లో మళ్లీ తీసుకున్నారు. కొత్తగా చేరే ఆడవాళ్లకి ఇప్పుడామె మొదట నేర్పే పాఠం అదే. కడుగు. చూడకు. చూస్తే చెప్పకు. వాళ్ల మంచి కోరే చెప్పేది. ఆ పాఠం తనింటి వాకిట్లోకి కూడా వస్తుందని ఆమెకేం తెలుసు.

బోనాలకి ముందు మొదలైంది. మొదట తేన్పులు. మురిగిన గుడ్డు వాసన. నాలుగు ముద్దలు తినగానే లింగమూర్తి కంచం తోసేసేవాడు. "కడుపు నిండిందే." అంత పెద్ద మనిషి. పెళ్లిలో పందెం కట్టి ఇరవై గారెలు తిన్న మనిషి. క్యాంటీన్‌లో తిని వచ్చుంటాడులే అనుకుందామె. క్యాంటీన్‌లో వాళ్లేమో ఇంట్లో తింటాడనుకున్నారు.

తర్వాత వాంతులు. రోజూ కాదు. రెండు రోజులకొకసారి, తెల్లవారుజామున. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు మంచం పక్కకి వచ్చింది. కక్కిన తర్వాత ఆయనకి హాయిగా ఉండేది. మొహం కడుక్కుని, చాయ్ కూడా తాగకుండా, రైలెక్కి పనికి పోయేవాడు. వాకిట్లో ఉమ్మడి నల్లా. ఇంటి ఓనరు అనసూయమ్మ లేవకముందే భూలక్ష్మి బకెట్టు కడిగి బోర్లించేది. మగాడు తెల్లారి కక్కితే బస్తీలో ఎవరైనా ఒకటే అనుకుంటారు. లింగమూర్తి చుక్క ముట్టడు. అయినా ఒకరోజు అనసూయమ్మ పళ్లు తోముకుంటూ అననే అంది. "ఏందే భూలక్ష్మీ, మీ ఆయన కొత్తగ షురూ చేసిండా ఏంది?"

"అరుగుత లేదమ్మా. గ్యాస్."

గ్యాస్. ఈ నగరంలో ఆ ఒక్క మాట ఎంతమందిని మింగిందో లెక్కలేదు. బస్తీలో సూదులేసే పోచయ్య గ్యాస్ అన్నాడు, సూది వేశాడు. మందుల షాపాయన గ్యాస్ అన్నాడు, గులాబీ రంగు సీసా ఇచ్చాడు. లింగమూర్తి అక్క చేవెళ్ల నుంచి వచ్చి దిష్టి అంది, ఎండుమిర్చి తిప్పి పొయ్యిలో వేసింది, పోతూపోతూ గ్యాస్ కూడా ఉండొచ్చంది. కూతురు రోహిణి రాయదుర్గంలో ఒక కంపెనీలో చాట్ సపోర్టు. రోజంతా ఎవరెవరి సమస్యలకో టైపు చేసి జవాబులిస్తుంది. ఆమె ఫోన్‌లో వెతికి, "నాయినా, స్ట్రెస్‌కు గూడ గిట్లనే అయితదంట. కారం తగ్గియ్," అంది.

అందరిలోనూ నిజానికి దగ్గరగా ఉన్నది ఒక్క మనిషే. బకెట్టు కడిగే మనిషి.

లింగమూర్తి ఎందుకు దాచాడో అదీ చెప్పాలి. క్యాంటీన్ వంటింట్లోకి పోయే తలుపు పక్కన ఒక పోస్టర్ ఉంటుంది. దాని మీద వాంతి చేసుకుంటున్న మనిషి బొమ్మ, ఎర్ర గీతతో కొట్టేసి. వాంతులుంటే వంటింట్లోకి రావద్దు, పైవాళ్లకి చెప్పండి, ఆగిన రెండు రోజుల దాకా లోపలికి అడుగు పెట్టొద్దు. ఆ రూలు మంచిదే. కానీ లింగమూర్తికి వరసగా రెండు రోజులు ఆగిందే లేదు. చెప్పిన రోజునుంచి ఆయన ఆ తలుపు దాటలేడు. ఏడాదికోసారి ఒక డాక్టర్ వచ్చి మీటింగ్ రూములో కూర్చుని, నలభై మంది వంటవాళ్ల గోళ్లు చూసి, నాలుకలు చూసి, ఒక్క పూటలో నలభై ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టి పోతాడు. ఆ ఏడాది కూడా లింగమూర్తి నాలుక చాపాడు. ఫిట్ అని రాశారు. అప్పటికే ఆయన బెల్టుకి మేకు కాల్చి రెండు కొత్త చిల్లులు పెట్టుకున్నాడు. పైన ఏప్రాన్ ఉంటుంది కదా, ఎవరికీ కనపడదు.

వినాయక నిమజ్జనం అయిన వారానికి రోహిణి బలవంతం చేసి కొండాపూర్‌లో ఒక పెద్ద డాక్టర్ దగ్గర టైము తీసుకుంది. తనకి సెలవు దొరకలేదు. భూలక్ష్మిని వెంట పంపింది.

ఆ రోజు తెల్లవారుజామున కూడా బకెట్టు నిండింది. అప్పుడప్పుడే వెలుతురు వస్తోంది. నీళ్లు పోయబోతూ ఆగింది భూలక్ష్మి. బెండకాయ ముక్కలు. గింజలు గుండ్రంగా, తెల్లగా, ఎక్కడివక్కడే. రాత్రి ఆమె పెట్టింది పెరుగన్నం. బెండకాయ తను వండలేదు. మరి ఎక్కడిది? ముక్క వంక పరిశీలనగా చూసింది. ఏటవాలుగా కోసిన ముక్క. తనైతే చక్రాల్లా కోస్తుంది. ఏటవాలు కోత ఆయనది. అంటే క్యాంటీన్‌ది. నిన్న మధ్యాహ్నం తిన్నది. పొద్దుగుంకి, మళ్లీ తెల్లారినా, అరగడం అటుంచి అక్కడి నుంచి కదలనే లేదు.

అన్నం తిన్నది తిన్నట్టే కడుపులో నిలబడిపోవడం మామూలు సంగతి కాదని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గింజ చుట్టూ జిగురు కూడా అలాగే ఉంది. చూసింది. కడిగేసింది.

డాక్టర్ మంచివాడే. తొందరలో ఉన్నాడు. బయట ముప్పై మంది ఉన్నారు.

"ఏమిటి సమస్య?"

"వికారం సార్. తినబుద్ధి కాదు."

"వాంతులు?"

"అప్పుడప్పుడు."

"వాంతిలో ఏం పడుతోంది? తిన్నది పడుతోందా?"

"లేదు సార్. పొద్దుగాల జర పుల్లటి నీళ్లు. అంతే."

భూలక్ష్మి నోరు తెరిచింది. లింగమూర్తి తల తిప్పి ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు. అడుక్కుంటున్నట్టు చూశాడు. ఆ చూపు పక్కన ఇంకొకటి గుర్తొచ్చిందామెకి. గేటు దగ్గర ఎర్ర లైటు, పని చేయని కార్డు, ఓంకార్ గొంతు. కక్కుల సంగతి నీకెందుకక్కా.

నోరు మూసుకుంది.

"బరువు తగ్గారా?"

"లేదు సార్. నేను గింతే."

డాక్టర్ రాశాడు. పొద్దున పరగడుపున ఒకటి, వికారమైనప్పుడు నాలుక కింద పెట్టుకునేది ఒకటి. "నెల చూద్దాం. తగ్గకపోతే గొట్టం వేసి కడుపు లోపల చూడాలి. తప్పకుండా రండి," అన్నాడు. ఆ చివరి మాట కాగితం మీద కూడా రాశాడు. బయటికొచ్చాక లింగమూర్తి ఆ కాగితాన్ని మందుల షాపులో చూపించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీయలేదు.

మెట్లు దిగుతూ, "చాయ్ తాగుదమా?" అని అడిగాడామెను. తనకోసం కాదు. ఆమెకోసమే అడిగాడు. ఒక చాయ్ తీసుకుని ఆమె తాగుతుంటే పక్కన నిలబడ్డాడు.

నాలుక కింద మాత్ర పని చేసింది. అదే కొంప ముంచింది. పదకొండుకి పావు తక్కువకి ఒకటి పెట్టుకుంటే పదకొండుంబావు దాటించొచ్చు. పొద్దున మాత్రకి కడుపులో మంటా తగ్గింది. తగ్గిందనే అందరూ అనుకున్నారు. దసరాకి ఆయన కొత్త చొక్కా వేసుకుంటే హ్యాంగరుకి తగిలించినట్టుంది. "సన్నబడ్డవ్ నాయినా, హీరో లెక్క ఉన్నవ్," అంది రోహిణి. ఫొటో తీసింది. ఆ ఫొటో ఇప్పటికీ ఆమె ఫోన్‌లో ఉంది. తెరవదు.

కార్తీకమాసంలో ఒక సోమవారం. పదకొండున్నరకి క్యాంటీన్ తలుపులు తీశారు. పన్నెండు లోపల ఆరుగురు పప్పు కప్పులు తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. ఉదయ్ భాస్కర్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కప్పుతో లోపలికి వచ్చాడు. వంటింటి మధ్యలో అందరి ముందూ అడగలేదు. మూలకి పిలిచాడు.

"మాస్టర్, ఇది మీరు రుచి చూశారా అండి?"

రిజిస్టర్ తెరిచి ఉంది. పప్పు పక్కన రెండు మాటలు, సంతకం. లింగమూర్తి కప్పు తీసుకున్నాడు. నాలుకకు రాసుకున్నాడు. ఉప్పు తక్కువ కాదు. అసలు వేయలేదు.

"చూడలే సార్."

"ఇవాళ చూళ్లేదా?"

"రెండు నెలలాయె సార్, చూడక." లింగమూర్తి గొంతు మెల్లగా ఉంది. "నాలుకకు ఏం తాకినా కడుపు తిప్పుతుంది. గంటె పెదవి కాడికి తెచ్చి దించుత. రంగు చూసి రాస్తున్న. వాసన చూసి రాస్తున్న. ఉప్పుకు వాసన ఉండది గద."

ఉదయ్ భాస్కర్ రిజిస్టర్ మూశాడు. అంతలో లింగమూర్తి గోడ పట్టుకుని కిందికి జారాడు. గిన్నెలు కడిగే తొట్టి పక్కన కక్కాడు. ఆ పోస్టర్‌కి నాలుగడుగుల దూరంలో. ఎవరూ చూడకూడదని ఇన్నాళ్లు దాచింది అందరి ముందూ పడింది.

సాయంత్రం మేనేజరే కారులో తెచ్చి దింపాడు. ఏప్రాన్ మడిచి కవర్‌లో పెట్టి భూలక్ష్మి చేతికిచ్చాడు. "నయం చేయించుకుని రమ్మనండి అమ్మా. ఆ చోటు మాస్టర్‌దే." ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. వెనక్కి వెళ్లే మనిషే లేకుండా పోతాడని అప్పుడెవరికీ తెలియదు.

డాక్టర్ జయంతి గురించి రోహిణికి ఆఫీసులో ఎవరో చెప్పారు. వేరే దవాఖాన. యాభై దాటిన మనిషి, నెల్లూరు వైపు మాట. గదిలోకి ముగ్గురూ పోయారు. లింగమూర్తి మళ్లీ అదే పాట. వికారం మేడం. ఆవిడ విన్నది. ఆయన మణికట్టు పట్టుకుని చర్మం పైకి లాగి వదిలింది. అది ముడతలా నిలబడి నెమ్మదిగా దిగింది. నర్సును పిలిచి, "వీరిని తీసుకెళ్లి బరువు చూడండి, తొందర లేదు," అంది. ఆయన బయటికి పోయాక కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఇంట్లో బకెట్టు ఎవరు కడుగుతారండి?"

రోహిణి అందుకుంది. "మేడం, యాక్చువల్లీ నాయినకు మార్నింగ్ టైమ్‌ల..."

"మీరు కాదమ్మా. కడిగేవాళ్లని చెప్పనివ్వండి."

ఆ ప్రశ్న భూలక్ష్మిని ఎన్నడూ ఎవరూ అడగలేదు. చేతుల వంక చూసుకుంది. తర్వాత మెల్లగా మొదలు పెట్టింది. మొదలు పెట్టాక ఆగలేదు. ఏ నెల నుంచి, ఏ పొద్దుకి, ఎంత, ఏ వాసన. కక్కినాక హాయి అంటాడని. పైకి కనిపించేలా పొట్ట మీద ఎడమ నుంచి కుడికి అల పాకుతుందని, ఒకరోజు నీళ్లు పోస్తుంటే చూశానని.

"పచ్చగా, చేదుగా పసరు పడుతుందా?"

"లేదమ్మా. ఒక్కనాడు గూడ పచ్చగ పడలే. తిన్నదే పడ్తది. ఇయ్యాల్టిది గాదు. నిన్నటిది. బెండకాయ గింజ గింజ లెక్కనే ఉంటది."

డాక్టర్ పెన్ను ఆగింది.

రోహిణి తల్లి వైపు తిరిగింది. "అమ్మా. నువ్వు చూసినవా? నాకెందుకు చెప్పలే?"

భూలక్ష్మి కొంగు సర్దుకుంది. ఉన్న జవాబు కూతురికి చెప్పేది కాదు.

లింగమూర్తిని బల్ల మీద పడుకోబెట్టి డాక్టర్ ఆయన నడుం రెండు పక్కలా పట్టుకుని నెమ్మదిగా కుదిపింది. సగం నిండిన బిందెను చంకలో పెట్టుకుని నడుస్తుంటే వచ్చే చప్పుడు వచ్చింది. చెవి గొట్టం అక్కర్లేకుండానే గదిలో అందరికీ వినపడింది. "పొద్దున్నుంచి ఏం తిన్నారండి?" "ఏం లేదు మేడం." "మరి ఈ నీళ్లెక్కడివి?" అంది ఆవిడ, తనలో తాను అనుకున్నట్టు.

కాగితం మీద కడుపు బొమ్మ గీసి చూపించింది. కింద ఒక సన్నని ద్వారం. తిన్నది నలిగి అక్కడి నుంచి పేగులోకి దిగాలి. ఆ ద్వారం మూసుకుపోతోంది. దిగే దారి లేనిది పైకొస్తుంది. "వికారం మాత్ర వేస్తే వికారం తెలియకుండా పోతుంది. మూసుకున్న తలుపు తెరుచుకోదు కదండి. ఎందుకు మూసుకుందో చూడాలి. పాత పుండైతే బాగుండును."

బాగుండును అన్న తీరులోనే సగం తెలిసిపోయింది.

ముక్కులోంచి గొట్టం వేసి రెండు రోజులు కడుపు ఖాళీ చేశారు. అప్పుడుగానీ లోపల చూడటానికి కుదరలేదు. తర్వాత కెమెరా గొట్టం, చిన్న ముక్క తీసి పరీక్ష, స్కానింగు. తొమ్మిదో రోజు జయంతి ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. గడ్డ. క్యాన్సర్. కడుపు చివర, ఆ ద్వారం దగ్గర. కాలేయం మీదికి కూడా చేరింది. కోసి తీసేసే దశ దాటింది. దారి తెరవచ్చు, తినగలిగేలా చేయొచ్చు, బలముంటే మందులెక్కించొచ్చు. లింగమూర్తి అన్నీ విని, ఒకటే అడిగాడు.

"కక్కుడు ఆగుతదా మేడం?"

"అది ఆపుతానండి."

"అది చాలు."

వాళ్లిద్దరూ బయటికి నడిచారు. భూలక్ష్మి తలుపు దాకా పోయి వెనక్కి వచ్చింది.

"ఒక్క మాట మేడం. వినాయక చవితప్పుడు ఇంకో డాక్టర్ సార్ ఇదే అడిగిండు. తిన్నది పడ్తుందా అని. నాకు ఎరుక. నేను చెప్పలే. అప్పుడే చెప్తే?"

జయంతి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీకు అబద్ధం చెప్పనమ్మా. అప్పుడు దొరికి ఉంటే ఆపరేషన్‌కి కుదిరేదేమో. అప్పటికే కుదరకపోయేదేమో కూడా. నాకు తెలియదు. ఇవాళ తెలిసింది మాత్రం మీరు చెప్పబట్టే."

చివరి మాట భూలక్ష్మి చెవికెక్కలేదు. కుదిరేదేమో అన్నదొక్కటే లోపలికి దిగి కూర్చుంది. కొడుకో కూతురో పోతే జనం వచ్చి పట్టుకుని ఏడుస్తారు. ఇలాంటిదానికి ఎవరూ రారు. ఎందుకంటే ఎవరికీ చెప్పుకోలేరు.

ఆ ద్వారంలో జాలీలాంటి సన్నని గొట్టం పెట్టారు. మూడో రోజు జావ ఇచ్చారు. నాలుగు చెంచాలు. లింగమూర్తి తాగి, బకెట్టు వంక చూస్తూ కూర్చున్నాడు. గంట. రెండు గంటలు. మధ్యాహ్నం దాటింది. ఏమీ రాలేదు. "ఏమే, దిగింది," అన్నాడు నవ్వుతూ. ఆరు నెలల్లో ఆయన నవ్వడం అదే మొదలు. భూలక్ష్మి బాత్‌రూములోకి పోయి నల్లా విప్పుకుని ఏడ్చింది. ఇరవై రెండో అంతస్తు పిల్ల నల్లా ఎందుకు విప్పేదో అప్పుడు బాగా అర్థమైంది.

సంక్రాంతి తర్వాత మందులు రెండుసార్లు ఎక్కించారు. మూడోసారికి ఒంట్లో ఏమీ మిగల్లేదు. జయంతే వద్దంది. ఇంటికి తెచ్చుకున్నారు. భూలక్ష్మి పని మానేసింది. శివరాత్రి నాటికి జావ కూడా రెండు చెంచాలకు వచ్చింది. నొప్పికి ఒక మందు, వాంతి రాకుండా ఒక మందు. కక్కుడు మళ్లీ రాలేదు. ఆ డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది.

ఒకరోజు పొద్దున పదింటికి లింగమూర్తి గోడకి దిండ్లు పెట్టించుకుని కూర్చున్నాడు.

"పప్పు చెయ్యి," అన్నాడు.

"తింటవా?"

"తిన. రుచి చూస్త."

టమాట పప్పు పెట్టింది భూలక్ష్మి. తలుపు తెరిచే ఉంచమన్నాడు. కుక్కర్ కూతలు లెక్కపెట్టాడు. పోపు వాసన రాగానే, "వెల్లుల్లి ముందల ఎయ్యొద్దు, మాడుతుంది," అన్నాడు. ఆమె గంటెతో తెచ్చింది. ఆయన అరచేయి చాపాడు. ఆమె దాని కింద తన చేయి పట్టింది. నాలుకకు రాసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మింగలేదు. పక్కన నీలం బకెట్టులో ఉమ్మాడు. మళ్లీ ఒకసారి రాసుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది."

ఆమె గంటెలో మిగిలిన పప్పు వంక చూసింది.

"ఇరవై ఆరేండ్లాయె. నీ పప్పుల ఎప్పటికీ ఉప్పు తక్కువే."

"మరి ఒక్కనాడన్న చెప్పొద్దా?"

"చెప్తే మనసుకు పెట్టుకుంటవని."

భూలక్ష్మి గంటె కింద పెట్టింది. "ఆ డాక్టర్ సార్ కాడ నేను గూడ చెప్పలే. నోట్లదాక వచ్చింది. చెప్పలే."

"నేను చూసిన. నువ్వు నోరు తెరిచినవ్." ఆయన ఆమె వైపు కాదు, తలుపు బయట ఎండ వైపు చూస్తున్నాడు. "చెప్పొద్దనే నీదిక్కు చూసిన. నువ్వు చెప్పలేదని ఆ దినం సంతోషపడ్డ. ఎరుకేనా? చాయ్ తాగుదమా అన్న."

కుక్కర్ మూత మీద నీటి చుక్కలు జారుతున్నాయి.

"ఉప్పు తే," అన్నాడు.

డబ్బా తెచ్చింది. చిటికెడు వేసి కలిపింది. మళ్లీ అరచేతిలో వేసింది. ఆయన రాసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకో చిటికెడు. ఈసారి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపంటే ఆమె వంగి ఊపిరి చూసింది. కళ్లు తెరవకుండానే ఆయన తల నిలువుగా ఆడించాడు. బకెట్టులో ఉమ్మి, దిండు మీదికి ఒరిగాడు.

ఆమె బకెట్టు తీసుకుని వాకిట్లోకి వచ్చింది. నడి ఎండ. తెల్లారకముందు తప్ప ఆమె ఎన్నడూ దాన్ని బయటికి తేలేదు. నల్లా దగ్గర అనసూయమ్మ బట్టలు పిండుతోంది. బకెట్టు చూసి చేతులాపింది.

"మళ్ల మొదలైందా భూలక్ష్మీ? ఏం పడ్డది?"

భూలక్ష్మి బకెట్టులోకి చూసింది. అడుగున పసుపు రంగు తడి, ఒక టమాట తొక్క, రెండు ఆవాలు.

"పప్పు," అంది. "ఇయ్యాల్టిదే, అనసూయమ్మా. నిన్నటిది గాదు."

నల్లా విప్పింది. నీళ్లు పడుతున్నాయి. ఆమె కడగకుండా అలాగే నిలబడి ఉంది.